నీళ్లకు దారి: కోనసీమలో ఒక కొబ్బరి తోట కేస్ స్టడీ

పర్మాకల్చర్ (ప్రకృతి తీరును గమనించి, దానికి తగ్గట్టు తోటను అమర్చుకునే సాగు పద్ధతి) అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది వాన నీటిని ఆపే కందకాలు. మెట్ట నేలల్లో అవి చేసే మేలు నేను కళ్లారా చూశాను. అవే కందకాలను గోదావరి డెల్టాలో తవ్వితే ఏమైందో, ఆ తర్వాత అవే సూత్రాలతో తోటను ఎలా నిలబెట్టుకున్నామో చెప్పడానికి ఈ కేసు రాస్తున్నాను. డెల్టాలో ఇలాంటి తోట మొదలుపెట్టాలనుకునే వాళ్లు ఏటికేడు పెరుగుతున్నారు. వాళ్లలో కొందరైనా ఈ కుటుంబం పడిన నష్టం పడకుండా ఉండాలని నా కోరిక. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, పేర్లు, గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. అంకెలు గుండ్రం చేశాను.

నేపథ్యం

తోట గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న కోనసీమలో, కాలువ చివరి భూముల్లో ఉంది. ఇల్లు, దొడ్డి, కొబ్బరి కలిపి ఎకరం ఎనభై సెంట్లు. చెట్లు వందకు కాస్త అటూ ఇటూ, అన్నీ దేశవాళీ పొడుగు రకం. 1996 నవంబరు తుఫానుకు పాత తోట చాలావరకు నేలకొరిగింది. ఇప్పుడున్నవి ఆ తర్వాత నాటినవి. కొబ్బరికి అది నిండు కాపు వయసు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, "చెట్లు ముసలివైపోయాయండి, కొట్టేసి కొత్తవి వేసుకోండి" అని ఆ ఇంటికి అప్పటికే సలహాలు అందాయి.

ఇంటాయన చాలా ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చారు. ఆయన లేని కాలమంతా తోట చూసుకున్నది ఇంటావిడ. దింపు (చెట్టెక్కి కాయలు కోయడం) తీయించడం, వలుపు (కాయ పీచు వలవడం), కాయ లెక్క, బోదెలకు (తోటలోని చిన్న నీటి కాలువలకు) నీళ్లు పెట్టించడం అన్నీ ఆవిడ చేతి మీదే నడిచాయి. ఆయన వచ్చాక మందులు లేని తోట చేయాలని పట్టుదల పెట్టుకున్నారు. వీడియోలు చూశారు, మెట్ట ప్రాంతంలో ఒక శిక్షణకు కూడా వెళ్లొచ్చారు. అక్కడ చూసినదాన్ని శ్రద్ధగా, డబ్బు ఖర్చుపెట్టి, తన తోటలో దించారు.

పర్మాకల్చర్ అనే ఆలోచనకు 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోల్మ్‌గ్రెన్ రూపం ఇచ్చారు. నేలను చూసుకోవడం, మనుషుల్ని చూసుకోవడం, మిగిలినదాన్ని పంచుకోవడం అనే మూడు నీతుల మీద అది నిలబడింది. హోల్మ్‌గ్రెన్ 2002లో దాన్ని పన్నెండు సూత్రాలుగా విడదీసి చెప్పారు. ముందు గమనించు, దొరికినప్పుడు శక్తిని పట్టి దాచుకో, ఫలితం అందేలా చూడు, వ్యర్థం మిగల్చకు, అంచులను వాడుకో, చిన్నగా నిదానంగా చెయ్యి ఇలా సాగుతాయి అవి. ఆ పన్నెండింటిలో ఎక్కడా కందకం అనే మాట లేదు. వాలు ఉన్న చోట, వాన పడీ పడగానే నీరు పారిపోయే చోట 'పట్టి దాచుకో' అన్న సూత్రానికి కందకం ఒక మంచి జవాబు. మన దగ్గర పర్మాకల్చర్ పేరున్న తోటలు, శిక్షణలు ఎక్కువగా జహీరాబాద్ వైపు మెట్టలో ఎదిగాయి కాబట్టి ఆ జవాబే సూత్రంగా స్థిరపడిపోయింది.

డెల్టా లెక్క వేరు. నది వేసిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. ఏటి ఒడ్డు మెరక, లోపలికి పోయేకొద్దీ పల్లం. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక అల్లుకున్న కాలువలు కూడా ఆ మెరకల వెంటే నడుస్తాయి, మురుగు డ్రెయిన్లు పల్లాల్లో నడుస్తాయి. వాలు కంటికి ఆనదు. జూన్‌లో కాలువలు వదిలింది మొదలు పైన వాన, పక్కన కాలువ ఊట, అక్టోబరు నవంబరుల్లో తుఫాన్లు. ఇక ఏప్రిల్లో మరమ్మతులకు కాలువలు కట్టేశాక కొత్త నీరు వచ్చేదాకా ఎండే. అంటే ఒకే తోటకు ఏడాదిలో సగం పైన నీరు ఎక్కువై బాధ, రెండు నెలలు నీరు లేక బాధ. ఏ పథకం వేసినా ఈ రెండింటికీ ఒకేసారి జవాబు చెప్పాలి.

సమస్య

తోట డిజైన్ కోసం నన్ను పిలిచేసరికి పరిస్థితి ఇది. చెట్టుకు ఏడాదికి సగటున 80 కాయలు దిగే తోటలో 40 దిగుతున్నాయి. కింది మట్టలు పసుపు తిరిగి ముందే వాలిపోతున్నాయి. పిందె రాలుతోంది. ఆకుల అడుగున తెల్లదోమ, కింది ఆకుల పైన నల్లటి మసి. కొత్తగా వేసిన అరటిలో సగం దుంప కుళ్లి పడిపోయింది. వరసల మధ్య అడ్డంగా తవ్విన కందకాల్లో నీరు ఆకుపచ్చగా నిలిచి ఉంది.

ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "పర్మాకల్చర్ మా నేలకి పనికిరాదాండి?"

అప్పటికే చేసి చూసినవి

ఎరువుల దుకాణంలో మట్టలు పసుపని చెబితే యూరియా పెంచమన్నారు, పెంచారు. మార్పు లేదు. తెల్లదోమకు మందు కొట్టించారు. నాలుగు వారాలు తగ్గినట్టుండి మళ్లీ ఎక్కువైంది. ఆ తర్వాత మందులు పూర్తిగా మానేసి కందకాలు తవ్వించారు, వాటి గట్ల మీద అరటి ఒత్తుగా వేశారు. కమ్మలు, డొక్కలు (కాయ పైపీచు), పశువుల పేడ ఒకచోట పెద్ద కుప్పగా పోసి ఎరువు చేయడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పు పట్టడానికి లేదు. ఈ పనులన్నీ జరుగుతున్న నేల ఎలాంటిదో తేల్చే పని మాత్రం మిగిలిపోయింది.

గమనించిన కాలం

ఒక వానాకాలం మొత్తం ఏమీ తవ్వొద్దని చెప్పాను. ఇది ఒప్పించడమే కష్టమైంది. కాపు సగానికి పడిపోయిన ఇంట్లో ఆగమనడం తేలిక మాట కాదు. అయినా డెల్టాలో రెండంగుళాల తేడా తోట తలరాత మారుస్తుంది, ఆ తేడా వాన పడితేగాని కనబడదు.

తోటలో అక్కడక్కడా వెదురు కర్రలు పాతి, వాటి మీద అంగుళాల గుర్తులు పెట్టాం. వాన పడ్డ రోజు, మర్నాడు, మూడో రోజు నీరు ఎంతుందో ఇంటావిడ ఒక నోటుబుక్కులో రాసేవారు. ప్రతి చెట్టుకూ ఒక అంకె వేసి, ఆకుల రంగును బట్టి ఆకుపచ్చ, లేత, పసుపు అని మూడు గుర్తులు పెట్టాం. సీజను చివర రెండు లెక్కలూ ఒకే కాగితం మీద వేసి చూస్తే, పసుపు గుర్తులన్నీ నీరు మూడో రోజుకీ దిగని చోటే ఉన్నాయి. పోషకాల లోపమే అసలు కారణమైతే పసుపు తోటంతా చెదిరి ఉండాలి. ఇక్కడ అది పల్లాన్ని గీత గీసినట్టు చూపించింది. సూత్రాల్లో 'ముందు మొత్తం తీరు, తర్వాత వివరాలు' అని ఒకటుంది. ఒక్కో చెట్టు దగ్గర నిలబడి ఆలోచిస్తే ఎన్నాళ్లకీ తేలని సంగతి ఈ కాగితం ఒక పూటలో తేల్చింది.

నిర్ధారణకు పల్లంలో ఒక గొయ్యి, మెరకలో ఒక గొయ్యి తవ్వాం. మెరకలో మట్టి గోధుమ రంగులో పొడిపొడిగా ఉంది. పల్లంలో జానెడు దిగగానే బూడిద నీలం బంకమట్టి, కుళ్లిన గుడ్డు వాసన. అంటే గాలి ఆడటం లేదు. కొబ్బరి వేళ్లు చాలావరకు మొదలు చుట్టూ రెండు మీటర్ల దూరంలోనే ఉంటాయి. అక్కడి వేళ్లు నల్లబడి, పట్టుకుంటే తొక్క ఊడొచ్చేలా ఉన్నాయి. ఊపిరాడని వేరుకు ఎంత యూరియా వేసినా తీసుకోలేదు. ఎరువు పెంచినా మట్టలు పచ్చబడకపోవడానికి కారణం అక్కడే దొరికింది.

అసలు కీలకం మాత్రం ఇంటావిడ దగ్గర దొరికింది. పటం ముందేసుకుని, ఈ మూలలో నీరు ఎందుకు ఆగుతోందని అడిగితే, ఆవిడ పెద్దగా ఆలోచించకుండానే చెప్పారు. "ఆయ్, అక్కడ ఇప్పుడు నీళ్లు లాగవండి. మా మావగారున్నప్పుడు ఆ మూల నుంచి బోదె ఉండేదండి. పక్కాయన చేపల చెరువు గట్టేసినప్పుడు అది కప్పడిపోయింది." ఇంటాయన ఆ మాట వినడం అదే మొదటిసారి. బోదె పోయిన కాలంలో ఆయన ఊళ్లో లేరు. తోట డిజైన్‌కు వెళ్లే ప్రతి ఇంట్లోనూ నేను ఇప్పుడు ముందుగా అడిగేది, ఇన్నాళ్లూ రోజూ తోటలోకి వెళ్లింది ఎవరు అని. చాలాసార్లు ఆ మనిషి మనతో కూర్చుని ఉండరు, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లి ఉంటారు.

నిలవని ప్రయత్నం

ముందు అందరికీ తోచిన దారే తోచింది. కందకాలు కలిపేసి, ఒక పిల్లకాలువ తీసి రోడ్డు పక్క డ్రెయిన్‌లోకి వదలడం. ఖర్చు తక్కువ, ఎవరినీ అడగక్కర్లేదు. చేశాం. చిన్న వానలకు బాగానే పనిచేసింది. తర్వాత వాయుగుండం పట్టి వరసగా వానలు కురిసినప్పుడు డ్రెయిన్ నిండి, నీరు ఎదురు తిరిగి తోటలోకి వచ్చింది. గుర్రపుడెక్క పట్టిన డ్రెయిన్ నెమ్మదిగా పారుతుంది. దిగువన సముద్రం పోటు మీదుంటే అసలే దిగదు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం లెవెల్‌తో కొలిచి చూస్తే, నిండిన డ్రెయిన్ మట్టం మా పల్లం మట్టం కంటే జానెడు ఎత్తున ఉంది. ఆ దారి మూసేశాం.

దీనివల్ల రెండు సంగతులు తేలాయి. నీరు పోవాల్సింది రోడ్డు వైపుకు కాదు, పాత బోదె పోయిన వైపుకే. అటు ఉన్న డ్రెయిన్ లోతైనది, కాస్త దిగువది. రెండోది, ఏ డ్రెయిన్ అయినా నిండిన రోజుల్లో తీసుకోదు కాబట్టి, ఆ ఒకటి రెండు రోజులు తోట తన నీటిని వేళ్లకు ముంపు రాకుండా తనలోనే ఎక్కడో దాచుకోగలగాలి.

అప్పుడు లెక్క వేశాం. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. తుఫాను రోజు పది సెంటీమీటర్లు పడితే ఈ తోట మీద ఏడు లక్షల లీటర్ల పైమాట. ఎంత చోటు కావాలో ఆ అంకె చెప్పింది.

పక్కాయన చెరువు గట్టు

పాత దారి ఇప్పుడు పక్కాయన చేపల చెరువు గట్టు కింద ఉంది. బొచ్చె, శీలావతి పెంచే మంచినీటి చెరువు. ఇంటాయన మొదట పంచాయతీలో పెడదామన్నారు. హక్కు ఉండొచ్చు, కాగితం కూడా దొరకొచ్చు. అయినా గట్టు అవతలి మనిషితో రేపటి నుంచి మాటల్లేకుండా పోతే, తోటలో ఏం కట్టుకున్నా అది తుమ్మితే ఊడే ముక్కే. మనుషుల్ని చూసుకోవడం, పంచుకోవడం అన్న నీతులు శిక్షణ మొదటి రోజు చెప్పి వదిలేసే మాటలు కావని నేను నమ్ముతాను. అందుకే ముందు ఆయన ఇబ్బంది ఏమిటో అడగమన్నాను.

ఇంటావిడే వెళ్లి మాట్లాడారు. "అన్నయ్యగారూ, మా నీళ్ల సంగతి తర్వాత, మా వల్ల మీకేం బాధుందో చెప్పండి" అని. ఆయన బాధలు ఆయనకున్నాయి. ఈ తోట చెట్ల కమ్మలు చెరువులో పడి కుళ్లుతున్నాయి. వేసవిలో చెరువు ఎండగట్టినప్పుడు అడుగు మట్టి ఎక్కడ పోయాలో తెలియక డబ్బిచ్చి తోలిస్తున్నారు. మా తోటకు ఒండ్రు కావాలి, ఆయనకు అది వదిలించుకోవాలి. ఏటిగట్లు లేని రోజుల్లో వరద వచ్చినప్పుడల్లా ఏరు తెచ్చి వేసే మట్టి అది. గట్లు వచ్చాక ఆ మట్టి తోటలకు అందడం ఆగిపోయింది. డెల్టాలో 'పట్టి దాచుకో' అన్న సూత్రానికి నీటికంటే ముందు వచ్చే జవాబు ఒండ్రు అని నా అభిప్రాయం.

ఒప్పందం ఇలా కుదిరింది. గట్టు వైపు వరస చెట్ల కమ్మలు ఎండకముందే వీళ్లు దింపించుకుంటారు. చెరువు మట్టి వీళ్లు తోలుకుంటారు. ఆయన గట్టు కింద నుంచి తొమ్మిదంగుళాల గొట్టం వేసుకోనిస్తారు, గట్టు పాడైతే బాగు చేసే ఖర్చు వీళ్లది. మట్టి తోలే ముందు దాని ఉప్పు శాతం పరీక్ష చేయించాం. మంచినీటి చెరువు కాబట్టి ఇబ్బంది రాలేదు. అదే రొయ్యల చెరువు అయితే పరీక్ష లేకుండా ఒక్క తట్ట కూడా తోటలో పోయనివ్వను. కొబ్బరి కొంత ఉప్పు తట్టుకుంటుంది, దాని నీడలో వేసే అరటి, కోకో తట్టుకోవు.

గొట్టం అవతలి చివర రబ్బరు తలుపు పెట్టాం. తోట నీరు తోసుకుని బయటకు పోతుంది. డ్రెయిన్ నిండి నీరు ఎదురు తిరిగితే అదే నీటి బరువుకు తలుపు మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, అర్ధరాత్రి వానలో ఎవరూ లేచి వెళ్లక్కర్లేదు.

మెరకలు, బోదెలు

అడ్డ కందకాలు పూడ్చేసి, కొబ్బరి వరసల మధ్య, రెండు వైపులా చెట్లకు సమదూరంలో, నీరు గొట్టం వైపు దిగేలా బోదెలు తీశాం. వరసల ఎడం ఎనిమిది మీటర్లు. సరిగ్గా నడిమధ్య తీస్తే చెట్టుకు నాలుగు మీటర్ల దూరం వస్తుంది, ముఖ్యమైన వేళ్లు తెగవు. పైన మీటరు వెడల్పు, అడుగున అరమీటరు పైచిలుకు, లోతు 70 సెంటీమీటర్లు. తీసిన మట్టి వరసల మీదే పరిచాం. అలా ప్రతి వరసా ఒక మెరక అయింది. అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల, చెట్లు అప్పటికే చచ్చిపోయిన చోట, ఒక గుంట తవ్వాం. బోదెలు, గుంట కలిపి ఆరు లక్షల లీటర్ల దాకా పడుతుంది. తుఫాను నీటిలో పెద్ద వాటా చెట్ల మొదళ్లలో నిలవకుండా అక్కడ ఆగి, తలుపు తెరుచుకున్నాక బయటికి పోతుంది.

యంత్రం పెట్టలేదు. తడి బంకమట్టి మీద పొక్లెయిన్ తిరిగితే నేల అణిగిపోయి మళ్లీ గాలి ఆడదు, మనం తీర్చాలనుకున్న జబ్బే తిరిగి వస్తుంది. కూలీలతో, మాఘ ఫాల్గుణాల్లో నేల ఆరాక, మొదటి ఏడు సగం తోటలోనే తీశాం. మిగతా సగం అలాగే వదిలేయడం వెనుక రెండు కారణాలున్నాయి. ఖర్చు ఒకేసారి పడకూడదు. పైగా వచ్చే వానాకాలంలో రెండు సగాలూ పక్కపక్కన కనబడితే, చేసింది పనిచేసిందో లేదో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. తెలిసింది. వాన వెలిసిన మర్నాడు బోదెలున్న సగంలో మొదళ్ల దగ్గర నేల ఆరింది, అవతలి సగంలో చీలమండ లోతు నీరుంది. రెండో వేసవిలో మిగతా సగం కూడా తీయించమని ఇంటాయనే అన్నారు.

ఏప్రిల్లో కాలువ కట్టేసే ముందు వచ్చే చివరి వంతు నీటిని ఇవే బోదెల్లో, గుంటలో నింపి గొట్టం మూసేస్తున్నారు. వానాకాలంలో బయటికి దారి చూపే ఏర్పాటే ఎండాకాలంలో నిల్వ అయింది. మొదళ్ల దగ్గర కమ్మల ముక్కలు, డొక్కలు పరిచి నేలకు ఎండ తగలకుండా చూస్తున్నారు. ఇసుక నేలల్లో డొక్కలను మట్టిలో పాతిపెట్టమంటారు, తేమ పట్టి ఉంచుతాయని. ఇక్కడి బంక నేలలో పాతితే తడి మరీ నిలుస్తుంది. అందుకే పైనే పరిచాం, అదీ వేసవి మొదట్లో.

పురుగుల సంగతి

సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట కనబడింది 2016లో. ఆ తర్వాత డెల్టా కొబ్బరి అంతటా పాకింది. మందు కొట్టిన ప్రతిసారీ దోమతో పాటు దాన్ని తినే జీవాలు కూడా చస్తాయి, దోమ మాత్రం వాటికంటే ముందు తిరిగి లేస్తుంది. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని చిన్న కందిరీగ దోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. ఆకు అడుగున నల్లబడి, గుండ్రటి చిన్న రంధ్రం ఉన్న కోశాలు కనబడితే కందిరీగ తోటలో ఉన్నట్టు. భూతద్దంతో వెతికితే అవి కొద్దిగా ఉన్నాయి. కాబట్టి మందు ముట్టకూడదని నిర్ణయించి, కందిరీగకు ఆసరాగా తోటలో అరటితో పాటు మెట్టతామర పెంచాం. వీటి మీద కూడా తెల్లదోమ చేరుతుంది, దానితో కందిరీగ నిలదొక్కుకుంటుంది. పైగా మెట్టతామర తడి నేలలో సంతోషంగా ఎదుగుతుంది, బోదె గట్లు జారకుండా పట్టుకుంటుంది. మసి ఎక్కువగా ఉన్న కింది ఆకులను నీటి ధారతో కడిగించారు. దోమ పూర్తిగా పోలేదు. చెట్టు తట్టుకునేంతకు దిగింది.

కొమ్ము పురుగు విషయంలో ఇంకో పాఠం ఉంది. 'వ్యర్థం మిగల్చకు' అని పోసిన పెద్ద ఎరువు కుప్పను తిరగేస్తే లోపల బొటనవేలంత తెల్ల పురుగులు గుట్టలుగా ఉన్నాయి. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పేడ కుప్పల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో. కొత్త మొక్కల మొవ్వులు (తల నడుమ ఉండే లేత మొగ్గలు) తొలుస్తున్న పెంకు పురుగులు అక్కడి నుంచే లేస్తున్నాయి. కుప్పను ఎండలో పరిచి, కోళ్లను వదిలి, మిగిలినదానికి మెటారైజియం అనే శిలీంధ్రం కలిపాం. అది ఆ పిల్లపురుగులకు జబ్బు తెప్పిస్తుంది. ఇప్పుడు కమ్మలు కుప్ప పడవు. నరికిన రోజే ముక్కలై మొదళ్ల దగ్గర పలచగా పరుచుకుంటాయి. పేడ చిన్న చిన్న కుప్పలుగా, నెలకోసారి తిరగేసేలా ఉంటుంది. చచ్చిన చెట్ల మొద్దులు తోటలో నిలవ ఉంచరు.

చేతికి అందిన ఫలితం

కొబ్బరి తొందరగా జవాబు చెప్పదు. గెల విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఏడాది పడుతుంది. ఆ గెల మొవ్వులో రూపుకట్టడం అంతకు రెండేళ్ల పైచిలుకు ముందే మొదలవుతుంది. అంటే ఈ వేసవిలో చేసిన పని నిండు ఫలితం మూడేళ్లు దాటితేగాని దింపులో కనబడదు. అన్నాళ్లు కుటుంబం ఏం తిని బతకాలి? 'ఫలితం అందేలా చూడు' అన్న సూత్రం ఈ ప్రశ్నే అడుగుతుంది. ఎన్నో మంచి తోటలు ఆగిపోయేది ఇక్కడే.

అందుకని కొత్త మెరకల మీద తొలకరికి కంద వేశాం. నీరు నిలిస్తే కుళ్లే పంట అది, కాబట్టి మెరక పనిచేస్తోందనడానికి అదే సాక్ష్యం. సంక్రాంతి నాటికి తవ్వి అమ్మారు, చెరువు మట్టి తోలిన ఖర్చు దానితోనే తీరింది. అరటిలో బొంత, కర్పూర రకాలు మెరక మీదకే మార్చాం. బోదె అంచున చేమ, నీటి వార తూటికూర, పొన్నగంటి. తడికీ పొడికీ మధ్యనున్న ఆ మూరెడు వెడల్పు పట్టీ తోటలో అన్నిటికంటే ఒత్తుగా పండుతుంది. అంచులను వాడుకోమన్న సూత్రం నాకు ఎక్కడా ఇంత నిజంగా కనబడలేదు. గుంటలో ఇంటికి సరిపడా చేపలు, బోదెల్లో నత్తలు తినే బాతులు. కూరలకు సంతకెళ్లడం తగ్గిందని ఇంటావిడ లెక్క చూపించారు.

కోకో మాత్రం నిరాశపరిచింది. కొనేవాళ్లు ఊళ్లోకే వస్తారని ఇంటాయన నాలుగు వరసల్లో పెట్టించారు. పల్లం వైపు రెండు వరసల్లో గాలిలో తేమ ఎక్కువై కాయలు నల్లబడి కుళ్లాయి. కొమ్మలు కత్తిరించి వెలుతురు పెంచినా లాభం లేకపోయింది. ఆ రెండు వరసలు తీసేసి చేమ, పసుపు వేశారు. ఇంటి వైపు మెరక మీద ఉన్న రెండు వరసలు బాగున్నాయి.

కొబ్బరి సంగతికొస్తే, రెండో ఏట పసుపు గుర్తున్న చెట్లు చాలావరకు లేత రంగుకు వచ్చాయి, పిందె రాలడం తగ్గింది. నాలుగో ఏడు సగటు 65 కాయలకు చేరింది. రెండు చెట్లు గానోడెర్మా అనే శిలీంధ్రం తెచ్చే తెగులుతో పోయాయి. వాటిని వేళ్లతో సహా తీయించి, చుట్టూ లోతుగా కందకం తీసి, పక్క చెట్లకు వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపి వేశాం. ఆ తెగులు నేలలోంచి, పారే నీటితో కూడా పాకుతుంది. అందుకే ఒక పాదు నీరు ఇంకో పాదులోకి పారే పాత పద్ధతి మాన్పించాం. ఇప్పుడు ప్రతి మెరకా తన నీటిని నేరుగా బోదెలోకి దింపుతుంది.

ఇలాంటి తోటకు వెళ్లేవాళ్లకు

డెల్టాలో డిజైన్ అడిగినప్పుడు నేను పటం గీయడానికి ముందు మూడు సంగతులు తేల్చుకుంటున్నాను. ఈ నేల మీద పడ్డ నీరు ఇదివరకు ఎటు పోయేది, ఆ దారి ఇప్పుడు ఎవరి నేలలో ఉంది, నిండు వానలో అవతలి డ్రెయిన్ మట్టం ఎంత. మూడో దానికి వానాకాలం ఆగక తప్పదు. వేసవిలో కొలిచి ఇచ్చే పటం డెల్టాలో చెల్లదు. మొదటి రెండింటికీ జవాబు రికార్డుల్లో కంటే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర, దింపు కార్మికుల దగ్గర ఎక్కువగా దొరుకుతుంది. దింపు తీసే మనిషి ప్రతి చెట్టు మొవ్వునూ ఏడాదికి ఎన్నోసార్లు దగ్గర నుంచి చూస్తాడు. ఏ చెట్టు ఎప్పుడు డీలాపడిందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇంకా ఉత్తరం మూల వరస పసుపుగానే ఉంది. అక్కడ నేల మిగతాదానికంటే అరజానెడు దిగువ. వచ్చే వేసవిలో చెరువు మట్టి మొత్తం ఆ వరసకే తోలాలని అనుకున్నారు. రబ్బరు తలుపు ఏటా తొలకరికి ముందు మార్చాలి, ఆ పని ఇంటావిడ నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుంది. చెరువు ఈ ఏడు కౌలుకు మారింది. గొట్టం, మట్టి, కమ్మల ఒప్పందం కౌలు కాగితంలో ఒక షరతుగా రాయించుకున్నారు. కొత్త కౌలుదారు సంతకం పెట్టే ముందు తోటలోకి వచ్చి, తలుపు ఎలా పనిచేస్తుందో చూసి వెళ్లాడు.